నాలుగు గళ్ళు ఖాళీగా వదిలేసిన మా తోడల్లుడు

మన చదువుల గది సంచికలో మా తోడల్లుడి గురించి ఎవరైనా ఒక పేజీ రాయాలని ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన మన నర్సమ్మ అంది. అందరూ నా వైపు చూశారు. చూడరూ మరి! ఆయన్ని నా అంత కాలం, నా అంత శ్రద్ధగా గమనించినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. ఇష్టంతో గమనించానని మాత్రం అనుకోకండి. అసూయతోనే గమనించాను. ఇష్టంతో చూస్తే మనిషి ముఖం ఒక్కటే కనిపిస్తుంది. అసూయతో చూసేవాడికి చొక్కా గుండీలతో సహా కనిపిస్తాయి. ఆయన గుండీలు ఏనాడూ ఊడలేదు. అదే నాకు మంట.

ముందు నా సంగతి చెబితే గానీ ఆయన సంగతి అర్థం కాదు. నేను పల్లెటూరి బడిలో చదివినవాణ్ణి. ఒకే గది, ఒకే పంతులు. పంతొమ్మిదో ఎక్కం కింది నుంచి పైకి ఒక్క తడబాటు లేకుండా అప్పజెప్పానని మా పంతులుగారు తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి పిల్లలందరి చేతా చప్పట్లు కొట్టించారు. పెద్దయ్యాక బస్సు డిపోలో చేరాను. డ్రైవర్లకీ కండక్టర్లకీ డ్యూటీ చార్టు వేయడం నా పని. ఒక బస్సుకి ఇద్దరు డ్రైవర్లు పడకూడదు. ఒకే మనిషి వారంలో ఒకే రూటుకి రెండుసార్లు పోకూడదు. రాత్రి బండి తోలినవాడు తెల్లారి బండి ఎక్కకూడదు. నా ముందున్నాయన వేసిన చార్టులతో ఇద్దరు డ్రైవర్లు ఒకే స్టీరింగు పట్టుకుని కాలర్లు పట్టుకున్న రోజులున్నాయి. నా హయాంలో అలాంటిది ఒక్కటి చూపించమనండి! నా చార్టు గోడకెక్కిందంటే మేనేజరు కూడా దాంట్లో వేలు పెట్టేవాడు కాదు. "పెద్దాయన వేశాడు, ఇక దానికి రెండో దారి లేదు" అనేవారు. ఆ మాట గుర్తుంచుకోండి. కథంతా ఆ మాట మీదే తిరుగుతుంది.

మా మామగారికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయిని నాకిచ్చారు. కొన్నేళ్ళు ఆ ఇంటికి నేనొక్కణ్ణే అల్లుణ్ణి. కిటికీ పక్క పడక్కుర్చీ నాది. పొద్దున్నే పేపరు మడత విప్పే హక్కు నాది. తర్వాత చిన్నమ్మాయికి సంబంధం వచ్చింది. అబ్బాయి లిఫ్టు మెకానిక్కట. నేను పెద్దగా పట్టించుకోలేదు. బస్సు ఊళ్ళు దాటుతుంది, లిఫ్టు పైకీ కిందకీ తప్ప ఎక్కడికి పోతుంది?

ఆ అబ్బాయి మాట్లాడుకోవడానికి వచ్చిన రోజే మా అత్తగారు వాళ్ళ అపార్టుమెంటు లిఫ్టులో ఇరుక్కుంది. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల్నుంచి ఆవిడ కేకలు, బయట్నుంచి మా కేకలు. నేను మెట్ల మీద పైకీ కిందకీ పరిగెత్తుతూ అందరికీ ఏం చేయాలో చెబుతున్నాను. ఈయన మెల్లగా చొక్కా చేతులు మడిచి వైర్ల పెట్టె తెరిచాడు.

"కరెంటు ఆపేశాను సార్, ధైర్యంగా చెయ్యి పెట్టండి" అన్నాడు వాచ్‌మన్.

ఈయన చెయ్యి పెట్టలేదు. జేబులోంచి టెస్టరు తీశాడు.

"ఆపానంటున్నాను కదండీ!"

"మీరన్నారు. వైరు ఇంకా అనలేదు" అన్నాడు.

టెస్టరు తగిలించగానే ఎర్రగా వెలిగింది. వాచ్‌మన్ ఆపింది మెట్ల లైట్ల స్విచ్చి. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. మా అత్తగారు బయటికొచ్చి, చీర సర్దుకుని, మంచినీళ్ళయినా తాగకుండా, ఈ అబ్బాయిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఎక్కడ? నా పడక్కుర్చీలో.

ఆ రోజు నుంచి మొదలైంది. పండో పలహారమో ఏది పెట్టినా ముందు ఆయన పళ్ళెం వైపు చూసేవాణ్ణి. ఆయన మాట్లాడేది తక్కువ, పౌడరు రాసుకునేది ఎక్కువ. ఇస్త్రీ మడత లేకుండా గుమ్మం దాటడు. ఎవరేం చెప్పినా నమ్మడు. గ్యాసు కట్టేశానంటే లేచి వెళ్ళి తిప్పి చూస్తాడు. తలుపు గడియ వేశానంటే లాగి చూస్తాడు. "బావా, కూరలో ఉప్పు వేశానని నేను ఒట్టేసినా ఈయన రుచి చూసేదాకా ఒప్పుకోరు. నేనీయన భార్యనని అయినా నమ్మారో లేదో" అని మా మరదలు నాతో మొత్తుకునేది. నేను పైకి జాలిపడేవాణ్ణి, లోపల సంతోషపడేవాణ్ణి. మా ఆవిడ ఆ సంతోషాన్ని కూడా ఉండనిచ్చేది కాదు. "వాళ్ళింట్లో ఒక్కసారైనా పాలు పొంగాయా? మనింట్లో రోజూ పొంగుతాయి. పొయ్యి మీకప్పజెప్పానుగా" అనేది.

ఇద్దరం రిటైరయ్యాం. నేను ముందు, ఆయన తర్వాత. సైకిళ్ళ షాపు మీదున్న మన చదువుల గదికి సుడోకుని తెచ్చింది నేనని కొత్తవాళ్ళకి తెలియకపోవచ్చు, అందుకని చెబుతున్నాను. తొమ్మిది అడ్డవరుసలు, తొమ్మిది నిలువు వరుసలు, తొమ్మిది పెట్టెలు. దేంట్లో చూసినా ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్ని అంకెలూ ఉండాలి, ఏదీ రెండోసారి రాకూడదు. చూడగానే నవ్వొచ్చింది నాకు. ఇది నా డ్యూటీ చార్టే కదా! పేపర్లో వచ్చే తేలికవి కాదు, అందరూ పెన్సిలు విరగ్గొట్టి వదిలేసేవి ఏరుకొచ్చి, ప్రతి ఆదివారం నల్లబల్ల మీద వేసి, బెత్తం పట్టుకుని విడమరిచి చెప్పేవాణ్ణి. చదువుల గది నిర్వాహకుడు నాకోసం రంగు సుద్దముక్కలు తెప్పించేవాడు. కుర్చీలు చాలక కిటికీ గట్టు మీద కూర్చునేవారు.

కష్టమైన ఎత్తులకి పేర్లు పెట్టింది కూడా నేనే. ఒక పెట్టెలో రెండు గళ్ళున్నాయి, రెండింటిలోనూ నాలుగో ఆరో తప్ప వేరేవి పడవు. ఏది ఎందులోనో ఇంకా తెలియదు. తెలియకపోయినా ఆ రెండంకెలూ ఆ రెండు గళ్ళవే కాబట్టి, పెట్టెలో మిగతా గళ్ళలో నాలుగునీ ఆరునీ కొట్టెయ్యొచ్చు. దీనికి నేను పెట్టిన పేరు "తోడల్లుళ్ళు". రెండు కుర్చీలు, ఇద్దరల్లుళ్ళు, మూడోవాడికి చోటు లేదు. రెండోది "మంచం". ఒక అడ్డవరుసలో ఐదు రెండే గళ్ళలో పడుతుంది. కింద ఇంకో అడ్డవరుసలోనూ రెండే గళ్ళలో, అవి కూడా సరిగ్గా పై గళ్ళ కిందే. నాలుగూ మంచం కోళ్ళలా నిలబడతాయి. ఐదులు అటు మూలగా ఉన్నా ఇటు మూలగా ఉన్నా, ఆ రెండు నిలువు వరుసల ఐదులూ మంచం మీదే అయిపోయాయి. మిగతా చోట్ల తుడిచెయ్యండి. మూడోది "త్రాసు". నడిమి గడిలో ఒకటో రెండో. దానికి ఒక పక్క కనిపించే గడిలో ఒకటో ఎనిమిదో, ఇంకో పక్క గడిలో రెండో ఎనిమిదో. నడిమి గడిలో ఒకటి పడితే ఈ పక్క ఎనిమిది, రెండు పడితే ఆ పక్క ఎనిమిది. ఎటు మొగ్గినా ఒక తట్టలో ఎనిమిది తప్పదు. కాబట్టి ఆ రెండు తట్టలకీ ఎదురుపడే గడిలో ఎనిమిది ఉండదు. ఈ త్రాసు అర్థమైన రోజు నర్సమ్మ కుర్చీలోంచి లేచి నాకు దణ్ణం పెట్టింది. చూసినవాళ్ళున్నారు.

వీటన్నిటికంటే నాకు ప్రాణమైనది "నాలుగు మూలలు". రెండు అడ్డవరుసలు, రెండు నిలువు వరుసలు కలిసే నాలుగు గళ్ళు, అవి రెండే పెట్టెల్లో ఉండాలి. మూడు మూలల్లో మూడో ఏడో తప్ప పడవు. నాలుగో మూలలో మూడు, ఏడు, తొమ్మిది, ఏదైనా పడేలా ఉంది. అక్కడ కూడా మూడో ఏడో అయితే ఏమవుతుంది? ఆ నాలుగింటిలో మూడు ఉన్నచోట ఏడు, ఏడు ఉన్నచోట మూడు మార్చి రాసినా లెక్క సరిపోతుంది. జవాబులు రెండవుతాయి. తయారుచేసినవాడు ఒకటే జవాబు వచ్చేలా తయారుచేస్తాడు కదా? కాబట్టి నాలుగో మూలలో తొమ్మిది! మిగతావాళ్ళు గంటసేపు బుర్ర గోక్కునేచోట నేను ఒక్క సుద్దగీతతో తొమ్మిది వేసేసేవాణ్ణి. గదంతా ఆహా అనేది.

ఒక ఆదివారం ఆహా తర్వాత వెనక వరుసలోంచి ఒక గొంతు వచ్చింది.

"అన్నగారూ, ఆ తొమ్మిది ఎందుకు?"

మా తోడల్లుడు. ఫ్యాను కింద పేపరు చదువుకుందామని కొన్నాళ్ళుగా వస్తున్నాడు. సుడోకు కూడా చేస్తున్నాడని అప్పటిదాకా నాకు తెలియదు.

"చెప్పాను కదా తమ్ముడూ. లేకపోతే జవాబులు రెండవుతాయి."

"అయితే?"

"అయితే ఏమిటయ్యా? జవాబు ఒకటే ఉంటుంది."

"ఎవరన్నారు?"

"తయారుచేసినవాడు!"

"ఆయన అన్నాడు. గళ్ళు ఇంకా అనలేదు" అన్నాడు.

గది గొల్లుమంది. నాకు పడక్కుర్చీ గుర్తొచ్చింది.

ఆ తర్వాత బల్ల దగ్గరికి వచ్చి, నా తొమ్మిదిని తన పద్ధతిలో తేల్చి చూపించాడు. ఆ గడిలో మూడు వేస్తే ఈ గడిలో ఐదు పడాలి, ఇక్కడ ఐదు పడితే అక్కడ ఒకటి పడాలి అంటూ కొక్కేనికి కొక్కెం తగిలించుకుంటూ పోయాడు. చివర ఒకే వరుసలో రెండు రెండ్లు వచ్చి కూర్చున్నాయి. "కాబట్టి మూడు కాదు" అన్నాడు. మళ్ళీ మొదటికొచ్చి ఏడుతో ఇంకో గొలుసు. అదీ తెగ్గొట్టి, "ఇప్పుడు తొమ్మిది" అన్నాడు. నా జవాబే! నేను ఒక్క అడుగులో గెంతినచోటికి ఆయన ఊరంతా తిరిగొచ్చాడు. అయినా జనం నోరు తెరుచుకుని వింటున్నారు.

క్రమంగా సగం మంది ఆయన బెంచీ దగ్గరికి చేరారు. నాకు దణ్ణం పెట్టిన నర్సమ్మ కూడా. ఆదివారం బల్ల దగ్గర నేనొక మాట చెబుతుంటే వెనక బెంచీలో ఆయనొక మాట గొణిగేవాడు. తలలన్నీ అటూ ఇటూ తిరిగేవి. చివరికి నిర్వాహకుడు చేతులు జోడించాడు.

"పెద్దవారు మీరిద్దరూ. ఒక గదిలో రెండు పాఠాలు నడపలేను. వచ్చే ఆదివారం ఇద్దరికీ ఒకే పజిలు ఇస్తాను. ఎవరు ముందు సరిగ్గా తేలిస్తే బల్లా బెత్తం వారివి. రెండోవారు కింద కూర్చుని వినాలి. సరేనా?"

"నా బల్లకి నేను పోటీ పడాలా?" అన్నాను.

"భయమైతే వద్దులెండి అన్నగారూ" అన్నాడు మా తోడల్లుడు. ఎంత మెత్తగా అన్నాడంటే కొట్టినా బాగుండేది.

ఒప్పుకున్నాను. ఆ వారం ఇంట్లో నేను మనిషిని కాదు. భోజనం పళ్ళెంలో కూడా మూలలు వెతుకుతున్నానని మా ఆవిడ గోల. "మా మరిదితో మీకెందుకు పోటీ? ఓడిపోతే ఆదివారాలు ఇంట్లో ఉంటారు, గెలిస్తే వారమంతా గెలుపు గురించి చెబుతారు. రెండూ నాకే శిక్ష" అంది. బల్ల పోతే నాకేం మిగులుతుందని ఆవిడ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. డిపోలో నా చార్టు తీసేసి కంప్యూటరు కాగితం అతికించారు. మామగారింట్లో పడక్కుర్చీ పోయింది. నేను నిలబడి మాట్లాడితే మనుషులు కూర్చుని వినే చోటు ఆ నల్లబల్ల ముందొక్కటే.

ఆదివారం పొద్దున చెరో మూల రాసుకునే బల్ల వేశారు. నిర్వాహకుడు తన పుస్తకంలోంచి అన్నిటికంటే కష్టమైనది ఏరి, స్కేలుతో గీసి, రెండు కాగితాల మీద చేత్తో రాసి ఇచ్చాడు. పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశాడు.

నేను పెన్సిలుతో ప్రతి గడిలో పడగల అంకెలన్నీ చీమల్లా రాసుకున్నాను. తోడల్లుళ్ళు దొరికారు, కొట్టేశాను. ఒక మంచం దొరికింది, తుడిచేశాను. అక్కడ ఆగింది. ఓరకంట చూశాను. మా తోడల్లుడు పెన్ను మూత తీసి పెడుతూ తీసి పెడుతూ కూర్చున్నాడు. ఒక్క అంకె కూడా కొత్తగా వెయ్యలేదు. మళ్ళీ నా కాగితం చూసుకున్నాను. అప్పుడు కనిపించాయి! కుడివైపు, పైనా కిందా, నాలుగు మూలలు. మూడింటిలో మూడో ఏడో. నాలుగోదాంట్లో మూడు, ఏడు, తొమ్మిది. నా ప్రాణం లేచొచ్చింది. నాకోసమే పెట్టినట్టుంది. తొమ్మిది వేసేశాను. ఆ తర్వాత అంకెలు వాటంతటవే వచ్చి కూర్చుంటున్నాయి. నా పెన్సిలు చప్పుడు విని జనం నా వైపు జరిగారు. నర్సమ్మ కూడా నా వెనక వచ్చి నిలబడింది. ఆ కాస్తసేపు నేను మళ్ళీ పంతులుగారి కుర్చీలో ఉన్నాను.

కింది వరుసకొచ్చాను. అక్కడ తొమ్మిది రెండోసారి అడుగుతోంది.

లెక్క తప్పానేమో అని తుడిచాను. మళ్ళీ వేశాను, మళ్ళీ రెండు తొమ్మిదులు. ఇంకా వెనక్కి తుడిచాను. కాగితం చిరిగేలా తుడిచాను. నాలుగో మూలలో తొమ్మిదిని మాత్రం ముట్టుకోలేదు. దాన్నెలా అనుమానిస్తాను? తయారుచేసినవాణ్ణి అనుమానించడమే కదా. నేనూ ఒకప్పుడు తయారుచేసినవాణ్ణే.

అప్పుడు మా తోడల్లుడు పెన్నుకి మూత పెట్టి లేచాడు.

"అయిపోయింది" అన్నాడు.

నిర్వాహకుడు కాగితం తీసుకుని చూసి, "ఇంకా నాలుగు గళ్ళు ఖాళీగా ఉన్నాయి కదండీ" అన్నాడు.

"అవి తేలవు. తొమ్మిది అక్కడ పెడితే కింద రెండు తొమ్మిదులొస్తాయి, గొలుసు పట్టుకుని చూశాను. ఇక నాలుగింటిలోనూ మూడో ఏడో. ఎటు వేసినా సరిపోతుంది. దీనికి జవాబులు రెండు. ఎక్కడో ఒక అంకె తగ్గింది. పుస్తకం తియ్యండి."

బీరువా తాళం తీశారు. పుస్తకంలో ఆ నాలుగు మూలల్లో ఒకదాంట్లో ఏడు అచ్చయి ఉంది. నిర్వాహకుడు మొదటి కాగితం మీదికి ఎక్కించేటప్పుడు దాన్ని వదిలేశాడు. ఆ కాగితం చూసే రెండోదీ రాశాడు. ఆయన ముఖం మాడిపోయింది.

నేను ఊరుకోలేదు. "తప్పు కాగితం మీద పోటీ ఏమిటి? ఇది చెల్లదు. మళ్ళీ పెట్టండి" అన్నాను. న్యాయమే కదా? నిర్వాహకుడు కూడా తలూపాడు. మా తోడల్లుడు కూడా "పెట్టండి, నాదేం పోయింది" అన్నాడు.

నర్సమ్మే అడ్డుపడింది. "మళ్ళీ ఎందుకండీ? తప్పు కాగితం ఇద్దరికీ ఇచ్చారు. తప్పుందని ఒక్కరే చెప్పారు. మందు సీసా మీద పేరు రాసుందని అదే నమ్మి పోసే డాక్టరుతో, వాసన చూసి పోసే డాక్టరుతో నేను పనిచేశాను. ఎవరి చేత సూది వేయించుకుంటానో నాకు తెలుసు."

బెత్తం బల్ల మీద ఉంది. నేనే తీసి ఇచ్చాను. ఎవరూ అడగకముందే ఇచ్చానని ఇక్కడ రాసుకోనివ్వండి.

రెండు ఆదివారాలు మొదటి వరుసలో కూర్చుని విన్నాను. షరతు షరతే. ఆయన గొలుసుల పాఠం చెబుతుంటే ఎక్కడైనా తప్పుతాడేమో అని కళ్ళార్పకుండా చూశాను. తప్పలేదు. రంగు సుద్దముక్కలు సగం విరగ్గొట్టాడు, అదొక్కటే లోపం. నేనైతే ఒక్కోటి నెల్లాళ్ళు వాడేవాణ్ణి.

మూడో శనివారం సాయంత్రం తలుపు చప్పుడైంది. మా ఆవిడ తీసింది.

"రా మరిదీ! ఏమిటీ, దారి తప్పావా?"

"అన్నగారితో పనుంది వదినా."

ఇస్త్రీ చొక్కా, పౌడరు వాసన. చేతిలో మడతపెట్టిన కాగితం. నా ఎదురుగా కూర్చుని కాగితం నా వైపు జరిపాడు.

"రేపటి పజిలు అన్నగారూ. పుస్తకంలోంచి నేనే రాశాను. రాసిందాంట్లో అంకె తగ్గిందో లేదో చూడాలి. నాకు గొలుసు పట్టుకుని చివరిదాకా పోతే గానీ ఆ నాలుగు మూలలు కనిపించవు. మీకు చూపు పడగానే కనిపిస్తాయి. ఆ రోజు మీరు తొమ్మిది వేసేశాక కూడా నేనింకా వాటిని చూడనేలేదు."

నేను కళ్ళద్దాలు తుడుచుకున్నాను. తుడుచుకోవడానికి కాస్త ఎక్కువసేపే తీసుకున్నాను.

"అంటే నా మాట నమ్ముతావా?"

"నమ్మను. మీరు చూశాక ఇంటికెళ్ళి మళ్ళీ నేను చూసుకుంటా."

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. నేను పెన్సిలు అందుకున్నాను. రెండుచోట్ల మూలల్లా కనిపించి కాదనిపించాయి. ఒకచోట ఆయన చెప్పబోయే చాంతాడంత గొలుసు బదులు నా మూలలతో ఒక్క అడుగులో తేలిపోతుందని చూపించాను. "తెలుసు. అయినా గొలుసే చెబుతాను" అన్నాడు. చెప్పుకో అన్నాను. మొత్తానికి పజిలు శుభ్రంగా ఉంది. ఉందని చెప్పాను. నమ్మనట్టే తలూపి, కాగితం మడిచి, గుమ్మం దాటుతూ మా గడియ ఒకసారి లాగి చూసి వెళ్ళాడు.

మర్నాడు నల్లబల్ల మీద పజిలు కింద ఒక వరుస ఉంది: "సరిచూసినవారు: పెద్దల్లుడుగారు." ఇప్పుడు ప్రతి శనివారం వస్తున్నాడు, ప్రతి ఆదివారం ఆ వరుస ఉంటోంది. మనిషి మంచివాడే. పనిమంతుడే. ఈ సంచిక చదివే కొత్తవాళ్ళకి ఆయన గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఒక్కటే అభ్యంతరం. ఆ వరుసలో అక్షరాలు మరీ చిన్నవిగా రాస్తున్నాడు. వెనక బెంచీలోంచి కనిపించవు. వెళ్ళి కూర్చుని చూశాను. పెద్దవిగా రాయమని చెప్పాను. "కనిపిస్తాయే" అంటున్నాడు. నా మాట నమ్మడు కదా. ఈ ఆదివారం ఆయన్నే వెనక బెంచీలో కూర్చోబెడతాను.